రేకులే రేడియేటర్: రోజూ ఆఫీసుకి వెళ్లే 1972 బీటిల్ కేసు

నేపథ్యం

యజమాని కాలిఫోర్నియాలో శాక్రమెంటో దగ్గర ఉండే తెలుగువాడు, ఐటీ ఉద్యోగి. గుర్తుపట్టగలిగే వివరాలన్నీ తీసేశాం. వారానికి ఐదు రోజులు ఆఫీసుకి వెళ్లిరావడానికి ఒక పాత ఫోక్స్‌వాగన్ బీటిల్ కావాలని మా గ్యారేజీని అడిగారు. ఒక వైపు 32 మైళ్లు, అందులో 25 ఫ్రీవే. వేసవిలో సాయంత్రం ఐదింటికి కూడా 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటే ఊరు. గాలితో చల్లబడే ఇంజన్‌కి ఇంతకన్నా కఠినమైన పని పెట్టడం కష్టం.

ఏ సంవత్సరం మోడల్ అన్నది మొదటి నిర్ణయం. కాలిఫోర్నియాలో 1975, అంతకు ముందు మోడల్ పెట్రోలు కార్లకి స్మాగ్ (పొగ కాలుష్య) పరీక్ష లేదు. అమెరికాకి వచ్చిన బీటిళ్లలో 12 వోల్టుల వైరింగ్, రెండు సర్క్యూట్ల బ్రేక్ మాస్టర్ సిలిండర్ 1967 మోడల్ నుంచి ఉన్నాయి. 1969 నుంచి వెనక ఐఆర్‌ఎస్ సస్పెన్షన్ (చక్రం కోణం పెద్దగా మారకుండా విడిగా కదిలే ఏర్పాటు) వచ్చింది. అంతకు ముందు స్వింగ్ యాక్సిల్ కార్లలో మలుపులో గట్టిగా బ్రేక్ కొడితే వెనక చక్రం లోపలికి ముడుచుకుంటుంది, ఫ్రీవేలో అది మాకు ఇష్టం లేదు. 1971 నుంచి డ్యూయల్ పోర్ట్ హెడ్లు (ఒక్కో సిలిండర్‌కి వేరే ఇన్‌టేక్ దారి ఉన్న సిలిండర్ హెడ్లు), ఫ్యాన్ ష్రౌడ్ (ఫ్యాన్ గాలిని సిలిండర్ల మీదికి మళ్లించే రేకు గూడు) బయటికి జరిపిన ఆయిల్ కూలర్. అలా 1971 నుంచి 1974 మధ్య అని గీత గీసుకున్నాం. అందులోనూ స్ట్రట్లున్న సూపర్ బీటిల్ కాకుండా ముందు టోర్షన్ బార్లు (మెలిపడి స్ప్రింగులా పనిచేసే కడ్డీలు) ఉన్న మామూలు బీటిల్ చూడమన్నాం. స్ట్రట్ పైభాగం తుప్పుపడితే పని పెద్దది.

స్పేర్ల గురించి ఆయనకి భయం ఉండేది. జర్మనీలో బీటిల్ సెడాన్ 1978లో ఆగిపోయినా మెక్సికోలోని పుయెబ్లాలో 2003 జూలై 30 దాకా తయారైంది. మొత్తం 2 కోట్ల 15 లక్షల కార్లు. స్పేరు దొరక్క కారు ఆగిపోయే ప్రమాదం దాదాపు లేదు. దొరికిన స్పేరు నాసిరకం కావడమే అసలు ప్రమాదం, ఈ కేసంతా దాని చుట్టూనే తిరిగింది.

కొనేటప్పుడు చూసినవి, చూడనివి

రెండు కార్లు తుది దాకా వచ్చాయి. మొదటిది కొత్త పెయింటు, అడుగున కొత్త నల్లటి కోటింగ్. తలుపుల కింద పొడవునా పోయే హీటర్ చానళ్లని వేలితో కొడితే ఒక చోట ఇనుము శబ్దం, ఇంకో చోట మొద్దు శబ్దం. అయస్కాంతం అక్కడ అతుక్కోలేదు, లోపల ఫైబర్‌గ్లాస్ నింపారు. బీటిల్‌లో ఆ చానళ్లు వేడిగాలి గొట్టాలు మాత్రమే కాదు, బాడీకి నడుము కూడా. జాకీ పాయింట్ దగ్గర కారు లేపి తలుపు సందు చూశాం. లేపకముందు సమంగా ఉన్న సందు లేపాక పైన మూసుకుపోయింది. వద్దన్నాం.

రెండోది వెలిసిపోయిన పెయింటు, అక్కడక్కడా సొట్టలు. కానీ నేల రేకులు ఫ్యాక్టరీవి, వెనక సీటు కింద కుడివైపు బ్యాటరీ ట్రే గట్టిగా ఉంది, ముందు బీమ్ బిగించే భాగం పొడిగా ఉంది. వెనక సీటు కింద టన్నెల్ మీద కొట్టిన నంబరు, డాష్‌బోర్డు ప్లేటు, టైటిల్ కాగితం మూడూ కలిశాయి. మూడో అంకె 2, అంటే 1972 మోడల్. క్రాంక్ పుల్లీ పట్టుకుని ముందుకీ వెనక్కీ తోసి డయల్ గేజ్‌తో కొలిస్తే ఎండ్ ప్లే 0.12 మిల్లీమీటర్లు. కొత్త ఇంజన్‌కి 0.07 నుంచి 0.13, అరుగుదల హద్దు 0.15. ఇంజన్ మీద మాత్రం క్రోమ్ మెరుపులు కనబడ్డాయి: క్రోమ్ ఫ్యాన్ ష్రౌడ్, ఎక్స్‌ట్రాక్టర్ సైలెన్సర్, 009 డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి నిప్పురవ్వ పంచే భాగం). ఇంజన్ ఎలాగైనా దిగుతుంది, తుప్పు దిగదు అన్న లెక్కతో రెండోదే కొనమన్నాం.

ఆ లెక్క ఇప్పటికీ సరైనదే అంటాం. తప్పు వేరే చోట జరిగింది. టెస్ట్ డ్రైవ్ మార్చి నెలలో, చల్లటి పొద్దున, పదిహేను నిమిషాలు మాత్రమే చేశాం. ఆయిల్ ప్రెషర్ గేజ్ పెట్టలేదు. కంప్రెషన్ కూడా కొలవలేదు.

జూన్‌లో వచ్చిన ఫిర్యాదు

ఏప్రిల్, మే బాగానే గడిచాయి. జూన్ రెండో వారంలో ఆయన నాలుగు ఫిర్యాదులతో వచ్చారు. ఫ్రీవే దిగి సిగ్నల్ దగ్గర ఆగితే ఆకుపచ్చ ఆయిల్ లైటు మినుకుమంటోంది. సిగ్నల్ పడి కదిలేటప్పుడు యాక్సిలరేటర్ తొక్కితే ఒక్క క్షణం ఇంజన్ చచ్చిపోయినట్టయి తర్వాత అందుకుంటోంది. రాత్రి హెడ్‌లైట్లు దీపాల్లా ఉన్నాయి. బ్రేక్ కొడితే కారు ఎడమకి లాగుతోంది. వెంటనే అడిగిన పరిష్కారం కూడా ఉంది: "అన్నా, ఇంజన్ పెద్దది వేసేద్దాం, శ్రమ పడకుండా నడుస్తుంది."

ముందు కొలుద్దామన్నాం. ఆయిల్ స్విచ్ తీసి అక్కడ మెకానికల్ గేజ్, డిప్‌స్టిక్ స్థానంలో ఉష్ణోగ్రత చూపే కడ్డీ, 1, 3 సిలిండర్ల ప్లగ్గుల కింద వాషర్ సెన్సర్లు బిగించాం. బయట 101 డిగ్రీలు, 65 మైళ్ల వేగం, అంటే ఈ గేరింగ్‌లో సుమారు 3,100 ఆర్‌పీఎం. 25 నిమిషాల తర్వాత ఆయిల్ 255 డిగ్రీలు (124 సెల్సియస్), 1వ సిలిండర్ హెడ్ 365, 3వది 430. ఐడిల్‌లో ప్రెషర్ 6 పీఎస్‌ఐ.

ఆ లైటు స్విచ్ ఎక్కడో 2 నుంచి 6 పీఎస్‌ఐ మధ్య వెలుగుతుంది. కనుక లైటు అబద్ధం చెప్పలేదు. మమ్మల్ని ఎక్కువ ఆపింది మాత్రం రెండు హెడ్ల మధ్య 65 డిగ్రీల తేడా. ఇంజన్ మొత్తం శ్రమపడుతుంటే అన్నీ కలిసి వేడెక్కాలి. ఒక్కటే వేడెక్కిందంటే ఆ ఒక్కదానికే గాలి అందడం లేదు.

ముందు చేసినవి, ఎందుకు నిలవలేదు

పాత యజమాని 20డబ్ల్యూ-50 ఆయిల్ పోసినట్టు తెలిసింది. లైటు వెలగకుండా చాలామంది చేసే పని ఇది. చిక్కటి ఆయిల్ పొద్దున చల్లగా ఉన్నప్పుడు ప్రెషర్ పెంచుతుంది, పుల్లీ వైపు రిలీఫ్ వాల్వ్ తెరుచుకుని ఆయిల్ కూలర్‌లోకి పోకుండా పక్కదారి పడుతుంది, కూలర్ కింది రబ్బరు సీళ్లు కూడా పగులుతాయి. మేము 10డబ్ల్యూ-40, ఫ్లాట్ ట్యాపెట్ క్యామ్‌కి కావలసినంత జింకు ఉన్నది, 2.5 లీటర్లు పోసి జల్లెడ కడిగి కొత్త గాస్కెట్లు వేశాం. ఆ ఆరు చిన్న నట్లకి 5 పౌండ్ల-అడుగుల టార్క్ చాలు. అంతకు మించితే మెగ్నీషియం ఇంజన్ కేస్‌లో స్టడ్ ఊడిపోతుంది.

తర్వాత వేసినది మా పొరపాటు. యజమాని ఒత్తిడి కొంత, జూలై ఎండ కొంత, బయటి ఆయిల్ కూలర్ ఒకటి ఫ్యాన్‌తో సహా ట్రాన్స్‌మిషన్ పైన బిగించాం. ఆయిల్ 240కి దిగింది. 3వ హెడ్ 430 దగ్గరే నిలిచింది. ఆయిల్ కూలర్ ఆయిల్‌ని చల్లబరుస్తుంది, హెడ్ రెక్కల మీదుగా పోవలసిన గాలికి అది ఏమీ చేయలేదు. పైగా కొత్తగా ఆరు అడుగుల హోసు, నాలుగు జాయింట్లు, నాలుగు కారే అవకాశాలు. మా కొలతలే మాకు జవాబు ముందే చెప్పాయి, ఆ రెండు హెడ్ల తేడాని పట్టుకుని ఉంటే ఈ కూలర్ కొనేవాళ్లం కాదు.

అదే సమయంలో టాపెట్లు కట్టాం, అంటే వాల్వుల సందు సరిచేశాం. మన ఊళ్లలో బుల్లెట్ టాపెట్లు కట్టించినవాళ్లకి పని తెలిసిందే. ఇక్కడ ఇంజన్ పూర్తిగా చల్లబడి ఉండాలి, సందు 0.15 మిల్లీమీటర్లు. 3వ ఎగ్జాస్ట్‌కి సందే లేదు. సరిచేసి పంపాం. 600 మైళ్ల తర్వాత చూస్తే మళ్లీ 0.05. కంప్రెషన్: 120, 118, 95, 117.

ఇక్కడే కారు ఆపేయమన్నాం. ఎగ్జాస్ట్ వాల్వ్ సందు వదులైతే అరుగుదల, అది భరించవచ్చు. బిగుసుకుంటుంటే వాల్వ్ కాడ సాగుతోంది, లేదా సీటు హెడ్లోకి దిగిపోతోంది. కట్టినా మళ్లీ బిగుసుకునే వాల్వ్ ఒకరోజు తల తెగి సిలిండర్‌లో పడుతుంది, పిస్టన్, హెడ్, కొన్నిసార్లు కేస్ కూడా పోతాయి. ఇంకో వెయ్యి మైళ్లు చూద్దాం అనడానికి వీల్లేని గుర్తు ఇది.

ఇంజన్ పెద్దది వేయాలా అన్న ప్రశ్న మళ్లీ వచ్చింది. 87 మిల్లీమీటర్ల బ్యారెళ్లు (సిలిండర్ గొట్టాలు), అంటే 1641 సీసీ, కేస్‌ని కోయకుండా దూరతాయి. దూరడానికి కారణం గోడలు పలచగా చేయడం, పలచటి గోడ వేడికి గుండ్రం తప్పుతుంది. 90.5 మిల్లీమీటర్లతో 1776 చేస్తే గోడ మందంగానే ఉంటుంది, కానీ కేస్, హెడ్లు రెండూ మెషీన్ షాపుకి పోవాలి, కేస్ విప్పాలి. కేస్ విప్పాలా వద్దా తేల్చడానికి ఆయిల్ 158 డిగ్రీల (70 సెల్సియస్) దగ్గర ఉన్నప్పుడు 2,500 ఆర్‌పీఎంలో ప్రెషర్ కొలిచాం: 34 పీఎస్‌ఐ. ఫ్యాక్టరీ లెక్క 42, అరుగుదల హద్దు 28. బేరింగులకి ఇంకా ఆయుష్షు ఉంది. వేడి సమస్య తీరకుండా పెద్ద ఇంజన్ వేస్తే పెద్ద వేడి వస్తుంది. 85.5 మిల్లీమీటర్ల బోర్‌తో 1584 సీసీనే ఉంచాలని యజమానితో గంటసేపు మాట్లాడి ఒప్పించాం.

ఇంజన్ దించాక

రోగం బయటపడింది ఇక్కడ, అందుకే దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తున్నాం.

క్రోమ్ ష్రౌడ్ పాత తరహాది. ఆయిల్ కూలర్ లోపలే, 3వ సిలిండర్‌కి పైన నిలబడి ఉంది. ఫ్యాన్ గాలి ముందు కూలర్ వేడిని తీసుకుని, ఆ వేడిగాలే 3వ సిలిండర్ మీద పడుతోంది. 1971లో ఫ్యాక్టరీ కూలర్‌ని బయటికి జరిపి దానికి వేరే గూడు కట్టింది ఇందుకే. మెకానిక్‌లు డాగ్‌హౌస్ అంటారు. ఈ కారు అలాగే పుట్టింది, ఎవరో మెరుపు కోసం పాత తరహాకి మార్చారు. చౌక ష్రౌడ్ లోపల గాలిని రెండు వైపులకీ పంచే రెక్కలు కూడా లేవు. హీటర్ గొట్టాలు పీకేసి, వాటి రెండు రంధ్రాలూ తెరిచి వదిలేశారు. సిలిండర్లకి పోవలసిన గాలి ఆ రంధ్రాల్లోంచి ఇంజన్ గదిలోకే తిరిగి వస్తోంది.

బ్యారెళ్ల కింద ఉండే చిన్న డిఫ్లెక్టర్ రేకులు రెండూ లేవు. పైనుంచి వచ్చిన గాలి బ్యారెల్‌ని చుట్టి కిందివైపు కూడా రాసుకుని పోవాలంటే ఆ రేకులే ఒత్తిపట్టాలి. అవి లేకపోతే గాలి దగ్గరి దారి చూసుకుని పోతుంది, బ్యారెల్ కిందివైపు ఎండిపోతుంది. ఇంజన్ చుట్టూ బాడీకీ రేకుకీ మధ్య రబ్బరు సీలు సగం చిరిగింది, సైలెన్సర్ వేడి ఆ సందులోంచి పైకి వచ్చి ఫ్యాన్‌లోకి పోతోంది. పుల్లీ వెనక రేకు లేదు. థర్మోస్టాట్, అది తిప్పే గాలి దారి ఫ్లాపులు లేవు.

థర్మోస్టాట్ గురించి ఒక మాట. ఇరుక్కుంటే ఇంజన్ కాలిపోతుందని చాలామంది పీకేస్తారు. అది 65 నుంచి 70 సెల్సియస్ మధ్య వ్యాకోచించే డబ్బా. పగిలి లోపలిది పోతే అది సాగిపోతుంది, ఫ్లాపులు తెరుచుకునే ఉంటాయి. చెడినా చల్లబరిచే వైపే చెడుతుంది. అది ఉంటే పొద్దున ఇంజన్ త్వరగా వేడెక్కి అరుగుదల తగ్గుతుంది.

చేసిన పని: పాత జర్మన్ డాగ్‌హౌస్ ష్రౌడ్, దానికి సరిపోయే వెడల్పు ఫ్యాన్, కూలర్ నుంచి వేడిగాలిని ముందు రేకు గుండా కిందికి పంపే డక్టు, డిఫ్లెక్టర్ రేకులు, పుల్లీ రేకు, ఫ్లాపులు, థర్మోస్టాట్. చుట్టూ కొత్త సీలు, ప్లగ్ వైర్ల రబ్బర్లు, మానిఫోల్డ్ దగ్గర సీళ్లు. కొత్త రేకు కన్నా పాత ఫ్యాక్టరీ రేకుని సొట్టలు తీసి పెయింటు కొట్టడం మంచిది, బోల్టు రంధ్రాలు వాటి చోట అవే కూర్చుంటాయి. క్రోమ్ పూత వేడిని వదలదు, నల్ల పెయింటు వదులుతుంది.

హెడ్లు రెండూ మార్చాం. ఒక్కటే మార్చమని యజమాని అడిగారు, కానీ అవతలి హెడ్ కూడా అన్ని వేల మైళ్లు తిరిగిందే. కొత్త హెడ్లు పెట్టె లోంచి తీసి అలాగే బిగించకూడదు. రెక్కల మధ్య పోత పోసినప్పుడు మిగిలిన పలచటి అల్యూమినియం పొర చాలాచోట్ల గాలి దారిని మూసేస్తుంది. సన్నటి ఆకురాయితో, పొడవాటి డ్రిల్ బిట్‌తో ఒక్కో సందు తెరిచాం, హెడ్‌కి రెండు గంటలు పట్టింది. పాత బ్యారెళ్లు కొలతల్లో ఉండడంతో హోన్ పట్టి కొత్త రింగులు వేశాం. కేస్‌లో రెండు హెడ్ స్టడ్ల మరలు మెత్తబడ్డాయి, ఉక్కు ఇన్సర్టులు దించి 10 మిల్లీమీటర్ల స్టడ్లకి చెప్పిన 23 పౌండ్ల-అడుగులతో బిగించాం.

ఆయిల్ ఫిల్టర్ పెట్టాలన్న కోరిక ఉండింది, ఈ ఇంజన్‌కి జల్లెడ తప్ప ఫిల్టర్ లేదు. కానీ సరైన పద్ధతిలో పెట్టాలంటే కేస్‌కి రంధ్రం పెట్టి మర కోయాలి, ఆ లోహపు రజను పూర్తిగా పోవాలంటే కేస్ విప్పాలి. విప్పడం లేదు కాబట్టి 3,000 మైళ్లకి ఆయిల్ మార్పుతో సరిపెట్టాం. బయటి కూలర్ తీసేశాం.

పికప్ సంగతి

009 డిస్ట్రిబ్యూటర్‌కి వ్యాక్యూమ్ (ఇంజన్ పీల్పుతో టైమింగ్‌ని ముందుకు జరిపే ఏర్పాటు) లేదు, స్పీడు పెరిగితేనే టైమింగ్ ముందుకు జరుగుతుంది. 34 పిక్ట్ 3 కార్బరేటర్ మాత్రం వ్యాక్యూమ్ ఉంటుందన్న లెక్కతో చేసింది. సిగ్నల్ దగ్గర తొక్కిన మొదటి క్షణం ఇంజన్‌కి ఆ ముందడుగు దొరకదు. ముందు ఐడిల్ జెట్‌ని 55 నుంచి 60 చేశాం. లోపం తగ్గింది కానీ పోలేదు, పెట్రోలు వాసన మొదలైంది. వ్యాక్యూమ్, సెంట్రిఫ్యూగల్ రెండూ ఉన్న డిస్ట్రిబ్యూటర్ వేసి, పాత జెట్టే పెట్టి, వ్యాక్యూమ్ గొట్టం పీకి మూసి, 3,500 ఆర్‌పీఎంలో గరిష్ఠం 30 డిగ్రీలకి టైమింగ్ పెట్టాం. లోపం పోయింది.

ఐడిల్ సర్దడానికి చాలామంది థ్రాటిల్ స్క్రూ తిప్పుతారు. ఈ కార్బరేటర్‌లో అది ముట్టుకోకూడదు. అది క్యామ్‌కి తగిలాక పావు చుట్టు, అంతే. ఐడిల్ 850 దగ్గర పెట్టేది పక్కనున్న పెద్ద బైపాస్ స్క్రూతో. థ్రాటిల్ తెరిచి పెడితే వ్యాక్యూమ్ రంధ్రం ముందే బయటపడి టైమింగ్ తారుమారవుతుంది.

ఎక్స్‌ట్రాక్టర్ తీసి హీట్ ఎక్స్‌చేంజర్లు (ఎగ్జాస్ట్ వేడితో హీటర్ గాలిని వేడిచేసేవి), మామూలు సైలెన్సర్ తిరిగి పెట్టాం. యజమానికి అర్థం కాలేదు, ఎండల ఊరిలో హీటర్ ఎందుకన్నారు. శాక్రమెంటో లోయలో శీతాకాలం ట్యూలే పొగమంచు కమ్ముతుంది. అద్దం మీద తేమ పోవాలంటే వేడిగాలి కావాలి. మానిఫోల్డ్ కింద ఎగ్జాస్ట్ వేడిని తెచ్చే సన్నటి గొట్టం మసితో మూసుకుంది, అది తెరవకపోతే చల్లటి తేమలో కార్బరేటర్ గొంతులో మంచు గడుతుంది. ఎగ్జాస్ట్ జాయింట్లన్నీ పొగతో పరీక్షించాం, హీటర్ గాలితో పాటు కార్బన్ మోనాక్సైడ్ లోపలికి రాకూడదు.

లైట్లు, బ్రేకులు, పెట్రోలు

హెడ్‌లైట్ బల్బు దగ్గర 10.8 వోల్టులే ఉన్నాయి. కరెంటంతా యాభై ఏళ్ల స్విచ్ గుండా పోతోంది. ఫ్యూజ్‌తో రెండు రిలేలు, 4 చదరపు మిల్లీమీటర్ల వైరు, హెచ్4 బల్బులు పెట్టాం. 30 ఆంపియర్ల డైనమో స్థానంలో 55 ఆంపియర్ల ఆల్టర్నేటర్ వచ్చింది, సీటు కింది రెగ్యులేటర్ తీసేశాం. బ్యాటరీకి మూత తప్పనిసరి. వెనక సీటు స్ప్రింగు టెర్మినల్‌కి తగిలి సీటులో మంటలు రావడం బీటిళ్లలో పాత జబ్బు.

ఎడమకి లాగడానికి కారణం కుడి ముందు బ్రేక్ హోసు లోపల ఉబ్బి మూసుకోవడం. హోసులన్నీ మార్చి, ముందు డిస్కులు, వాటికి తగిన మాస్టర్ సిలిండర్ వేశాం. వెనక డ్రమ్ములు అలాగే ఉంచాం. బాగా కట్టిన నాలుగు డ్రమ్ములు కూడా ఈ కారుని ఆపుతాయి, కానీ రద్దీలో పదేపదే ఆగే దారికి డిస్కులే మేలు.

పెట్రోలు పని చిన్నదిగా కనిపిస్తుంది, మా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. ఇంజన్ గదిలో ఫిల్టర్ వేలాడదీశారు, దాని బరువుకి హోసు జారితే వేడి ఇంజన్ మీద పెట్రోలు పడుతుంది. మెగ్నీషియం కేస్ అంటుకుంటే ఆర్పడం చాలా కష్టం. ఫిల్టర్‌ని గది బయట ట్రాన్స్‌మిషన్ దగ్గరికి మార్చాం, ఇథనాల్ తట్టుకునే హోసులు వేశాం. ముందు రేకులోంచి పైపు వచ్చే చోట రబ్బరు గ్రొమెట్ లేదు, రేకు అంచు పైపుని కోస్తోంది, అదీ పెట్టాం. కార్బరేటర్‌లో వదులైన ఇత్తడి గొట్టాన్ని బిగించాం. డ్రైవరు చేతికందేలా అగ్నిమాపక డబ్బా.

ఫలితం, మళ్లీ చేస్తే మార్చేవి

సెప్టెంబర్‌లో 102 డిగ్రీల రోజున అదే దారి, అదే వేగం: ఆయిల్ 215, 1వ హెడ్ 360, 3వ హెడ్ 375. వేడి ఐడిల్‌లో 12 పీఎస్‌ఐ, లైటు వెలగలేదు. ఆ తర్వాత 11,000 మైళ్లు తిరిగింది, సాధారణ 87 ఆక్టేన్ పెట్రోలుతోనే.

కొనే ముందు పరీక్ష ఇప్పుడు మార్చాం. కనీసం 40 నిమిషాలు, అందులో 20 ఫ్రీవే, గేజ్ బిగించి. కంప్రెషన్ కొలవకుండా, వెనక మూత తెరిచి రేకులు, సీళ్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టకుండా ఏ కారుకీ ధర చెప్పనివ్వం. లేని రేకులకి బేరంలో డబ్బు తగ్గించవచ్చు, కొన్నాక అదే డబ్బు రెట్టింపవుతుంది.

కారులో ఎప్పుడూ ఉండేవి: ఒక ఫ్యాన్ బెల్టు, 21 మిల్లీమీటర్ల స్పానర్, స్క్రూడ్రైవర్, పాయింట్ సెట్, కండెన్సర్. ఎరుపు లైటు వెలిగితే బెల్టు తెగినట్టే. ఫ్యాన్ ఆ బెల్టు మీదే తిరుగుతుంది కనుక ఇంకో మైలు కూడా నడపకుండా ఆపాలి. గ్లవ్‌బాక్స్‌లో ఒక కార్డు ఉంది, ప్రతి 3,000 మైళ్లకి 3వ ఎగ్జాస్ట్ టాపెట్ కట్టకముందు ఉన్న సందు అందులో రాయాలి. ఇప్పటిదాకా 0.15, 0.15, 0.14. అది 0.10కి దిగితే కట్టుకోకుండా కారు ఆపి మాకు ఫోన్ చేయాలని కింద రాసి ఉంది.